తల్లిని అడగాలా, బిడ్డనే చూడాలా?

మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదల (మాట, నడక, ఆలోచన లాంటివి) కొలవడానికి ఏ టూల్ మేలు అని తిరుపతిలో హోం సైన్స్, సైకాలజీ ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థల వాళ్లు తరచూ అడుగుతున్నారు. బిడ్డ చేత చేయించి చూసే బేలీ, మలావీ టూల్, తల్లిని అడిగే క్రెడీ, రెండు రకాలూ ఉన్న డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల జీఎస్ఈడీ, ఈ నాలుగు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. నన్నడిగితే పేరు తర్వాత తేల్చుకోవచ్చు, సమాధానం తల్లి నోటి నుంచి తీసుకుంటున్నామా, బిడ్డ చేతల్లో చూస్తున్నామా అన్నది ముందు తేలాలి.

తల్లిని అడిగే పద్ధతికి బలం తక్కువేం కాదు. క్రెడీ చిన్న ఫారంలో వయసును బట్టి 20 ప్రశ్నలే, ఉచితం, కొద్దిపాటి శిక్షణతో ఎవరైనా అడగొచ్చు. పైగా తల్లి బిడ్డను రోజూ చూస్తుంది, మనం చూసేది ఒక్క గంట. ఆ గంటలో బిడ్డకు నిద్రొస్తుంది, లేదా సంచి తగిలించుకుని వచ్చిన మనిషిని చూసి సూది వేస్తారని ఏడుపు మొదలుపెడుతుంది. వందల ఊళ్లలో, వేల మంది పిల్లల్లో పరిస్థితి ఎలా ఉందో తెలియాలంటే అడగడమే దారి. రెండు నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకు యునిసెఫ్ తెచ్చిన ఈసీడీఐ2030 కూడా ఇలాంటిదే, దాంట్లోనూ 20 ప్రశ్నలే.

అయితే మీరు కొలిచేది ఒక కార్యక్రమం ఫలితాన్నయితే లెక్క మారిపోతుంది. నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఇంటింటికీ వెళ్లి, బిడ్డతో మాట్లాడండి, ఆడించండి, ఏ వయసుకు ఏం చేస్తుందో గమనించండి అని ఏడాది పాటు తల్లులకు నేర్పుతాం. ఏడాది చివర అదే తల్లిని కూర్చోబెట్టి "మీ పాప రెండు మాటలు కలిపి మాట్లాడుతుందా అమ్మా?" అని అడుగుతాం. ఆమెకు ఇప్పుడు ఏం గమనించాలో తెలుసు, మనం ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నామో కూడా తెలుసు, ఇంటికొచ్చి ఇంత చెప్పిన వాళ్లను చిన్నబుచ్చాలని ఏ తల్లికీ ఉండదు. పక్క ఊళ్లో కార్యక్రమం లేని తల్లికి ఇవేవీ లేవు. రెండు ఊళ్ల మార్కుల్లో తేడా వస్తే అందులో బిడ్డ ఎదుగుదల ఎంత, తల్లి చెప్పే తీరులో వచ్చిన మార్పు ఎంత అని తర్వాత విడదీయలేం. ఎంత మంచి స్టాటిస్టిక్స్ తెలిసినా ఆ ముడి విప్పడం కష్టం. అందుకే ఫలితం కొలిచేటప్పుడు బిడ్డనే చూడాలంటాను, అదీ ఇంటింటికీ తిరిగిన మనిషి కాకుండా వేరే మనిషి చూడాలి.

ఇంకోటి, అడిగేది ఎవరినన్నది. శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సెక్కి పొద్దున పోయి రాత్రికి వచ్చే తల్లి కన్నా పగలంతా బిడ్డతో ఉండే అవ్వకే ఎక్కువ తెలుసు. ఫారంలో "తల్లి" అని ఉంది కదా అని తల్లి కోసమే సాయంత్రం దాకా కాచుకుని, అలసిపోయి వచ్చిన ఆమె చేత "ఏమో, చేస్తుందేమో" అనిపించుకుని రాసుకుంటే ఆ సమాచారం దేనికీ పనికిరాదు. అవ్వనే అడగండి. కుప్పం, నగరి వైపు వెళ్తే మాటల లెక్కలో జాగ్రత్త పడాలి, ఇంట్లో తమిళం, అంగన్‌వాడీలో తెలుగు నడుస్తుంటే బిడ్డ ఏ భాషలో అన్నా అది మాటే.

సరే, బిడ్డనే చూడాలంటే దేనితో? బేలీ 1969 నుంచి ఉంది, 2019లో నాలుగో ఎడిషన్ వచ్చింది, పరిశోధనలో దానికున్న గౌరవం దానిది. కిట్టు ఖరీదు, ఫారాలూ కొనాలి, బాగా శిక్షణ పొందిన మనిషి కావాలి, నార్మ్స్ (పోల్చి చూసుకునే ప్రామాణిక కొలతలు) అమెరికా పిల్లలవి. మెట్లే లేని ఇంట్లో పెరిగే బిడ్డను మెట్లు ఎక్కమని చూస్తే మనకు తెలిసేది ఆ ఇంటి గురించే. అమెరికాలోనే తయారైన డెన్వర్ పరీక్షలో బిడ్డ సీరియల్ (పాలల్లో కలుపుకునే టిఫిన్) తనే కలుపుకుంటుందా, బోర్డు గేమ్ ఆడుతుందా అనే ఐటమ్స్ (చూసే అంశాలు) ఉంటాయి, రాగి సంగటి తినే ఇంట్లో వాటికి అర్థమేముంది? 2010లో వచ్చిన మలావీ టూల్ ఇలాంటి వాటిని పక్కన పెట్టి, పల్లెలో దొరికే వస్తువులతో 136 ఐటమ్స్ తయారు చేసుకుంది. నాకు అది బాగా నచ్చుతుంది. మూడేళ్ల లోపు వాళ్లకైతే ఇప్పుడు జీఎస్ఈడీ ఉంది, 2023లో వచ్చింది. తల్లిని అడిగే చిన్న ఫారంలో 139 ఐటమ్స్, బిడ్డను చూసే పెద్ద ఫారంలో 155, వయసును బట్టి కొన్నే అడుగుతాం. రెండూ ఒకే స్కేలు మీదకు వస్తాయి కాబట్టి అందరికీ చిన్నది, కొందరికి పెద్దది కూడా చేసి పోల్చుకోవచ్చు. డబ్బు తక్కువుంటే నేను పిల్లల సంఖ్య తగ్గించుకుంటాను గానీ పెద్ద ఫారం వదలను.

మిగతావి క్లుప్తంగా. ఏఎస్‌క్యూ అనేది తల్లి తనే చదివి టిక్కు పెట్టుకునే ఫారం, మన పల్లెల్లో చాలాచోట్ల చదివి వినిపించాలి, అప్పుడు దాని సులువు పోతుంది. త్రివేండ్రం చార్టు 17 ఐటమ్స్‌తో స్క్రీనింగుకు, అంటే అనుమానం ఉన్న పిల్లలను ముందుగా ఏరడానికి, బాగుంటుంది. బరోడా పిల్లల నార్మ్స్ ఉన్న డాసీ అనే మన దేశపు పరీక్ష క్లినిక్‌లో పనికొస్తుంది. ఎత్తు ఒక్కటే కొలిచి ఎదుగుదల అనేయడం మాత్రం వద్దు.

జీఎస్ఈడీ, ఈసీడీఐ పిల్లల గుంపు గురించి చెప్పే కొలతలు. ఆ స్కోరు పట్టుకుని ఏ తల్లికీ "మీ వాడు వెనకబడ్డాడు" అనకండి. అనుమానం ఉంటే ఏఎన్ఎంతో చెప్పి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీం చేత చూపించండి, ఆ ఏర్పాటు సర్వే మొదలవక ముందే చేసిపెట్టుకోండి.