డిఫెండర్‌కి టైరు సైజు పెంచాలా, రిమ్ తగ్గించాలా?

మా కొరాపుట్, జయపురం ఘాట్లకి, వానాకాలం ఎర్రమట్టికి ల్యాండ్ రోవర్ డిఫెండర్ 20 అంగుళాల రిమ్ మీద 255/60 రోడ్డు టైరు (వెడల్పు 255 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం) చాలదు, నిజమే. అలాగని 275/70 ఆర్18 (18 అంగుళాల రిమ్‌ది) వేయిస్తే టైరు ఎత్తు 814 నుంచి 842 మి.మీ.కి పెరుగుతుంది, బండి కింద మాత్రం దొరికేది 14 మి.మీ.లే. మీటరు మునుపటికంటే 3 శాతం తక్కువ చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుందేమోనని టెన్షన్, మైలేజీ కూడా తగ్గుతుంది.

అదే 255/70 ఆర్18 ఆల్-టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే టైరు) అయితే ఎత్తు మారదు, కానీ రిమ్‌కీ రాయికీ మధ్య రబ్బరు 153 నుంచి 178 మి.మీ. అవుతుంది. దేవమాలి కొండ వైపు రాళ్లదారుల్లో రిమ్‌ని కాపాడేది అదే. నా ఓటు దీనికే. కాకపోతే 18 రిమ్ మీ బండి బ్రేక్ కాలిపర్‌కి (డిస్కుని పట్టి చక్రాన్ని ఆపే భాగం) తగలకుండా పడుతుందో లేదో కొనకముందే బిగించి చూడండి. స్టెప్నీ కూడా అదే సైజు తీసుకోండి.