కొమ్ముకోనం స్టీక్స్ తెచ్చుకుంటున్నారా? రామ్‌నగర్‌లోనే కొనండి

హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో కొమ్ముకోనం, అదే మార్లిన్, కనిపిస్తే వదలొద్దు. నేను తీసుకునే కొట్టులో అడిగితే అంగుళం మందంలో కోసి ఇస్తారు, అదే అసలు ప్లస్. ఒక యాప్‌లో తెప్పిస్తే సన్నటి ముక్కలు నీళ్లు కారుతూ వచ్చాయి, పెనం మీద వేయగానే చెక్కల్లా అయిపోయాయి. ఐస్‌లో పెట్టిన ముక్కే తీసుకోండి, ఈ చేప వేడికి ఉండిపోతే హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం తయారవుతుంది, వండినా అది పోదు.

కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువసేపు వేయిస్తే ఎండిపోతుంది. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పావుగంట ఉంచాలి, నిమ్మరసం మాత్రం చివర్లోనే. ఇనప పెనం బాగా కాలాక నూనె వేసి ఒక్కో వైపు మూడు నిమిషాలు, అంతే. పక్క నుంచి చూస్తుంటే గులాబీ రంగు అంచుల నుంచి లోపలికి తెల్లబడుతూ వెళ్తుంది, మధ్యలో సన్నటి గీత మిగిలినప్పుడు మంట ఆపి మూత పెట్టేయండి, ఆ వేడికే ఉడికిపోతుంది. థర్మామీటర్ ఉంటే 63 డిగ్రీలు చూసుకోండి.

పులుసు కూడా అద్భుతం! చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయాలి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. ఓవెన్‌లో గ్రిల్ నాకు నచ్చలేదు, పొడిబారింది.

పాదరసం ఎక్కువగా ఉండే చేప ఇది, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్న పిల్లలకి పెట్టకండి. వాళ్లకి అదే మార్కెట్‌లో రొయ్యలు తీసుకోండి.