రివాల్వర్‌కు సీసం బుల్లెట్లు: కొనుక్కోవడమా, పోత పోసుకోవడమా?

టెక్సస్‌లో ఉంటూ .38 స్పెషల్ అనే రకం తూటాలు వాడే రివాల్వర్‌తో కాగితపు లక్ష్యాలపై సాధన చేసే నేను, 158 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) సీసం బుల్లెట్లను మొదట కొన్నేళ్లు కొనుక్కుని, తరువాత సొంతంగా పోత పోసుకుంటూ, రెండింటినీ ఒకే తుపాకీలో వాడుతూ వచ్చాను. అందరూ ముందుగా ఖర్చు గురించే అడుగుతారు కానీ, ఈ విషయాన్ని తేల్చవలసింది కొలత అని నా అభిప్రాయం.

రివాల్వర్‌లో బుల్లెట్ సిలిండర్ (తూటాలు ఉండే, తిరిగే భాగం) గది మూతిని దాటుకుని బారెల్‌లోకి వెళుతుంది. మూతి కంటే బుల్లెట్ సన్నగా ఉంటే వేడి వాయువులు దాని పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి బారెల్ గాడులకు అంటిస్తాయి. గురి చెదరడమే కాక, శుభ్రం చేయడం కూడా పెద్ద పనవుతుంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి 0.358 అంగుళాలవి, నా సిలిండర్ మూతులేమో అంతకంటే కొంచెం వెడల్పు. పైగా రవాణాలో దెబ్బతినకూడదు గనుక కొన్న బుల్లెట్లు గట్టి మిశ్రమంతో, బారెల్‌లో సులువుగా జారడానికి పూసే మైనం కూడా గట్టిదే అయి వస్తాయి. ఒత్తిడి తక్కువగా ఉండే .38 స్పెషల్‌లో ఆ గట్టిదనం వల్ల బుల్లెట్ అడుగుభాగం వ్యాకోచించదు, సందు పూడదు. పాత టైరు బరువుల (చక్రాల సమతూకం కోసం తగిలించే ముక్కల) సీసంలో కొద్దిగా తగరం, అంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టే లోహమే, కలిపి నేను పోసుకున్న కాస్త మెత్తని, కాస్త లావైన బుల్లెట్లతో నా బారెల్‌లో సీసం అంటుకోవడం దాదాపు ఆగిపోయింది.

ఆదా మాత్రం అనుకున్నంత ఉండదు. పౌనుకు (సుమారు 454 గ్రాములు) 7000 గ్రెయిన్లు గనుక పౌను సీసానికి 44 బుల్లెట్లు వస్తాయి. సీసం చవకగా దొరికితేనే లాభం. కాలిఫోర్నియా 2010లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో సీసపు టైరు బరువులను నిషేధించాయి, ఇప్పుడు పాత బరువుల్లో ఉక్కువి, జింకువి కలిసి వస్తున్నాయి. జింకు కొంచెం కరిగి కలిసినా లోహం అచ్చును సరిగా నింపదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద, జింకు 419 వద్ద కరుగుతాయి కాబట్టి, వేడిని అదుపులో ఉంచి పైకి తేలిన ముక్కలను తీసేయడం తప్పనిసరి.

ఆరోగ్యం విషయంలో రాజీ పడరాదు. కరిగిన సీసపు ఆవిరి కంటే, పైన తేలే చిట్టెం తీసేటప్పుడు రేగే ధూళి, చేతులకు అంటి నోటిలోకి చేరే సీసం ఎక్కువ ప్రమాదకరం. ఆరుబయటే పోస్తాను, ఆ బట్టలను విడిగా ఉతుకుతాను, ఏటా రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటాను. కరిగిన సీసంలో నీటి చుక్క పడినా లోహం పేలి చిమ్ముతుంది.

కాబట్టి ముందు సిలిండర్ మూతులను కొలిపించండి. 0.358 బుల్లెట్ సరిపోతే కొనుక్కోవడమే మేలు. సరిపోకపోయినా, ఇంట్లో చిన్న పిల్లలుంటే, అడిగిన కొలతకు చేసిచ్చే తయారీదారును వెతికి కొనుక్కోవాలనే చెబుతాను.