బొగ్గా, గ్యాసా? కరెంటుకి ఏది మేలు?

బొగ్గు ప్లాంట్లు మూసేసి గ్యాస్ ప్లాంట్లు పెడదామనే మాట చాలా దేశాల్లో వినిపిస్తుంది. గాలి ఒక్కటే చూస్తే గ్యాసే మేలు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్యాస్ మండించాక మిగిలిన వేడితోనూ కరెంటు తీసే కంబైన్డ్ సైకిల్ గ్యాస్ ప్లాంటులో అది 400 గ్రాములకు దగ్గర్లో ఉంటుంది. బూడిద ఉండదు, సల్ఫర్ పొగ దాదాపు ఉండదు. ప్లాంటు పక్కనే బతికేవాళ్ల ఊపిరితిత్తులకు ఈ తేడా చాలా పెద్దది. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం.

అయితే ఆ 400 గ్రాములు చిమ్నీ దగ్గరి లెక్క. బావి నుంచి ప్లాంటు దాకా దారిలో లీకయ్యే మీథేన్ అందులో లేదు. 20 ఏళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బొగ్గు గనుల్లోంచీ మీథేన్ వస్తుంది నిజమే, కానీ పైపులు సరిగ్గా చూసుకోని చోట గ్యాస్‌కున్న మంచిపేరు సగానికి సగం పోతుంది.

పొద్దుగూకి సోలార్ తగ్గిపోయే వేళ మాత్రం గ్యాస్‌దే పైచేయి. చిన్న టర్బైన్లు నిమిషాల్లో అందుకుంటాయి, చల్లారిన బొగ్గు బాయిలర్‌కి గంటలు పడుతుంది.

అసలు చిక్కు సరఫరాలో ఉంది. బొగ్గును యార్డులో వారాలకు సరిపడా గుట్టపోసుకోవచ్చు. ఓడలో వచ్చే గ్యాస్‌ని మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచాలి, దాచుకోవడం ఖరీదైన పని. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ ఎంత రేటైనా పెట్టి గ్యాస్ కొనేసింది. ఆ రేటు పెట్టలేని పాకిస్తాన్‌లో గంటల తరబడి కోతలు. ఇక కొత్త గ్యాస్ ప్లాంట్లు కట్టబోమని, సొంత బొగ్గు వైపు వెళ్తామని 2023లో అక్కడి విద్యుత్ మంత్రి ప్రకటించారు. 2022లో డబ్బున్న జర్మనీ కూడా పక్కన పెట్టిన బొగ్గు ప్లాంట్లను మళ్లీ నడిపింది.

బ్రిటన్ 2012లో సుమారు 40 శాతం కరెంటు బొగ్గుతోనే తీసేది. 2024 సెప్టెంబర్ 30న చివరి బొగ్గు ప్లాంటు మూసేసింది. ఇందులో గ్యాస్ సాయం ఉంది, గాలిమరల సాయం ఇంకా ఉంది. గ్యాస్ మీద మిగిలిన ఆధారం వల్లే 2022లో అక్కడి బిల్లులు భగ్గుమన్నాయి.

కాబట్టి సొంత గ్యాస్, పైపులైను ఉన్న దేశం పాత బొగ్గు ప్లాంట్లను మూసి గ్యాస్‌కి మారడమే మంచిది. ఓడల్లో కొనుక్కోవాల్సిన దేశం మాత్రం గ్యాస్‌ని సాయంత్రం పీక్‌కే ఉంచుకోవాలి. ఉన్న బొగ్గు ప్లాంట్లకు సల్ఫర్ వడకట్టే పరికరాలు పెట్టి, సోలార్, విండ్, బ్యాటరీలు పెరిగే కొద్దీ వాటిని తగ్గించుకుంటూ పోవాలి. గ్యాస్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక షరతు తప్పక చదవాలి. 15, 20 ఏళ్ల ఒప్పందాల్లో చాలావాటికి, సరుకు తీసుకోకపోయినా డబ్బు కట్టాల్సిందే.