ఫ్రోజెన్ 2: ఆనకట్ట తెగింది, ఊరు మాత్రం మునగలేదు

డిస్నీ వారి యానిమేషన్ సినిమా ఫ్రోజెన్ మొదటి భాగాన్ని మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. మా అమ్మాయికి జ్వరం వస్తే అదే, వాన పడి బడికి సెలవిస్తే అదే, అన్నం దగ్గర మొండికేస్తే అదే. 2019 నవంబరులో రెండో భాగం వచ్చేసరికి తనకు ఐదేళ్లు. తెలుగులోనూ విడుదలవుతోందని తెలిసి హాలుకు తీసుకెళ్లాను. మంచును పుట్టించే శక్తి ఉన్న రాణి ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్ బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. ఆ తర్వాత ఇంట్లో దీన్ని కూడా పాతికసార్లకు తక్కువ కాకుండా చూసి ఉంటాను. ఇంత అరగదీశాక రాస్తున్నాను కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాను: మొదటిదానికి ఇది సాటి రాదు. అయితే ఇందులో ఒక చిన్న ముక్క ఉంది, దానికి మొదటి భాగంలో ఏదీ సాటి రాదు.

మొదటి సినిమా అంతా ఒక తలుపు మీద నడుస్తుంది. ఎల్సా చెల్లెలు ఆనా (తెలుగులో రాసేటప్పుడు అన్న అయిపోకుండా జాగ్రత్తపడాలి) మూసిన గది బయట నిలబడి, మంచుబొమ్మ చేద్దాం రమ్మని అక్కను పిలుస్తుంది. లోపలి నుంచి పొమ్మనే మాట. పాట పూర్తయ్యేలోపు పిల్లలు ఎదిగిపోతారు, తల్లిదండ్రులు ఓడ ప్రమాదంలో పోతారు, నల్లబట్టల్లో ఆనా వచ్చి మళ్లీ అదే తలుపు కొడుతుంది. చివరికి ఇద్దరూ తలుపుకు చెరోవైపు వీపు ఆనించి కూర్చుంటారు. లోపల ఎల్సా చుట్టూ మంచు రేకులు గాలిలో కదలకుండా ఆగిపోయి ఉంటాయి. దీన్ని మూడేళ్ల పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రేమంటే తెరిచిన తలుపు అని ఆనాతో పాడిన రాకుమారుడు హాన్స్, ఆఖరున ఆనాను గదిలో వదిలి తాళం వేసుకుని పోతాడు. ఆ అల్లిక నాకు పదోసారి చూస్తే కానీ తట్టలేదు.

రెండో భాగానికి అలాంటి తలుపు లేదు. ఉన్నదంతా సామగ్రి. పొగమంచు కమ్మిన అడవి, అందులో 34 ఏళ్లుగా చిక్కుకున్న సైనికులు, తల్లి పుట్టిన తెగ, తాత చేసిన ద్రోహం, జ్ఞాపకాలు దాచుకున్న నది, వీటికి తోడు నిప్పు, గాలి, నీరు, నేల. పంచభూతాలు మనకు కొత్త కాదు కదా, ఐదోది ఆకాశం అనుకుంటూ కూర్చుంటే ఎల్సా అని తేలింది. ఎల్సాకు మాత్రమే వినిపించే ఒక గొంతు ఆమెను పిలుస్తూ ఉంటుంది. హాల్లో మా అమ్మాయి నాలుగుసార్లు అడిగింది, "నాన్నా, పిలుస్తున్నది ఎవరు?" అని. చూస్తే తెలుస్తుంది ఆగమన్నాను. 2020లో ఈ సినిమా తయారీ మీద వచ్చిన ఆరు భాగాల డాక్యుమెంటరీ చూశాక నవ్వొచ్చింది. ఆ గొంతు ఎవరిదో తీసినవాళ్లకే చాలాకాలం తేలలేదట. మొదటిసారి జరిగింది వేరు. మొదటి భాగంలో ఎల్సా పాడే 'లెట్ ఇట్ గో' రాసే నాటికి ఎల్సా ప్రతినాయిక. పాట విన్నాక ఆమెను అలా ఉంచలేక కథనే మార్చుకున్నారు. అక్కడ పాట కథను లాక్కుపోయింది, ఇక్కడ పాటలు కథ కోసం వెతుక్కుంటున్నాయి.

ఆనాను ప్రేమించిన క్రిస్టాఫ్ అడవిలో పాడే విరహగీతం 80ల నాటి పాటలకు వెక్కిరింపు. పెద్దవాళ్లు నవ్వుతారు, పిల్లలు మంచినీళ్లకు లేస్తారు. మాట్లాడే మంచుబొమ్మ ఓలాఫ్ మొదటి కథను నిమిషంలో ఆడి చూపించే చోట ఇప్పటికీ నవ్వుతాం. ఎల్సా చీకటి సముద్రం మీద అడుగడుగునా మంచు పరుచుకుంటూ అలకు ఎదురు పరిగెత్తే ఘట్టాన్ని మాత్రం దయచేసి ఫోనులో చూడకండి.

ఇక నేను చెప్పిన ముక్క. గుహలో ఆనా ఒళ్లో ఓలాఫ్ మంచుపొడిగా రాలిపోతాడు. అక్క కూడా లేదని ఆనాకు అర్థమవుతుంది. అప్పుడు వచ్చే పాటలో గెలుస్తానన్న ధీమా ఏమీ లేదు. తర్వాత వేయాల్సిన అడుగు ఒక్కటి వేస్తాను, అంతే. ముక్కు ఎగబీల్చుకుంటూ లేస్తుంది, తడబడుతుంది, రాయి పట్టుకుని పైకి ఎక్కుతుంది. పిల్లల సినిమాలో దుఃఖాన్ని ఇంత తొందర లేకుండా చూపించడం నేనెక్కడా చూడలేదు. చిన్నప్పుడు మా అమ్మాయి ఆ చోటు దాటించమని గొడవ చేసేది. ఇప్పుడు తనే నేరుగా అక్కడికి జరిపి చూస్తుంది.

గుహ నుంచి బయటికి వచ్చిన ఆనా చేసే పని, తాత కట్టించిన ఆనకట్టను తెగ్గొట్టించడం. కానుక అని చెప్పి అడవిని బలహీనపరచడానికి కట్టిన ఆనకట్ట అది. అడవి తెగకు ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలు ఆధారం. డిస్నీ వారి ప్రతినిధులతో ఒప్పందం చేసుకుని, ఉత్తర సామీ భాషలోనూ సినిమాను డబ్ చేయించింది. నార్వేలో ఆల్టా నది మీద జలవిద్యుత్తు ఆనకట్ట వద్దని సామీలు 1970ల చివర నుంచి పోరాడారు. అది ఆగలేదు, కట్టేశారు.

ఒక ఆదివారం మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఈ ఘట్టం చూసింది. ఆమె పుట్టిన ఊరు ఒక ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి గోడలు బయటపడతాయి. తెరమీద ఆనకట్ట తెగింది, వరద అక్కాచెల్లెళ్ల నగరం మీదికి దూకింది, ఎల్సా నీటిగుర్రం మీద వచ్చి మంచుగోడ కట్టేసింది.

"మునగలేదా?" అంది అమ్మ.

"లేదు నానమ్మా, ఎల్సా ఆపేసింది."

"కట్టించినవాళ్ల ఊరు కదా, మునగదులే," అని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

ఆరేళ్లుగా నాకు ఎక్కడ వెలితిగా ఉందో ఆ ఒక్క మాటతో దొరికిపోయింది. ఊరు పోతుందని తెలిసే ఆనా ఆనకట్ట తెంచింది. ఆ తెగింపుకు సినిమా పైసా ఖర్చు పెట్టలేదు. ఊరు దక్కింది, అక్క వచ్చింది, నీటికి జ్ఞాపకం ఉంటుందన్న ఒక్క మాట సాయంతో ఓలాఫ్ కూడా లేచి కూర్చున్నాడు. మొదటి భాగంలోనూ ఆనా బతికింది, నిజమే. కానీ అక్కకు అడ్డు నిలిచి మంచుశిల అయ్యాక బతికింది.

మూడో భాగం 2027లో అని ప్రకటించారు. అందులోనైనా ఆ ఊరు మునిగితే చెప్పు, వచ్చి చూస్తానంటోంది మా అమ్మ.