పాత మిలిటరీ బండి కొనడానికి ప్రైవేట్ కలెక్షన్ చూడ్డానికి వెళ్తున్నారా, ఇది చదివి వెళ్లండి

పాత ఆర్మీ జీపుల పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఈ పోస్టు. "ప్రైవేట్ కలెక్షన్, అన్నీ ఒరిజినల్, అపాయింట్‌మెంట్ ఉంటేనే ఎంట్రీ" అని యాడ్ పెట్టి, చూడ్డానికి రమ్మని పిలిచి, టోకెన్ పేరుతో డబ్బులు గుంజుతున్నారు. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు, కానీ వాళ్ల పద్ధతి మొత్తం చెప్తా, అది తెలిస్తే ఎక్కడున్నా పట్టేస్తారు.

ఫోన్‌లో మాట్లాడే అమ్మేవాడికి మహా మర్యాద. సార్, ఊరికే చూసిపోయేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే చిన్న టోకెన్, బండి తీసుకుంటే రేట్లో తగ్గిస్తాం, తీసుకోకపోతే గేటు దగ్గరే వాపస్ అంటాడు. రసీదు అడిగితే "మనలో మనకి రసీదులేంటి సార్" అని నవ్వేశాడు. కనీసం మెసేజ్ అయినా పెట్టమని పట్టుబట్టి పెట్టించా, ఇప్పుడు నా కంప్లయింటుకి ఆ మెసేజే దిక్కు.

షెడ్డు మాత్రం అదుర్స్, అబద్ధం చెప్పను. జీఎంసీ ఆరు చక్రాల లారీ ఒకటి, డాడ్జ్ మిలిటరీ బండి ఒకటి, ఫెరెట్ ఆర్మర్డ్ కారు, మధ్యలో లైట్లు పెట్టి మేం చూడ్డానికి వెళ్లిన జీపు. "1943 విల్లీస్ ఎంబీ, మొత్తం ఒరిజినల్, యుద్ధంలో తిరిగిన బండి" అన్నాడు. ఎంబీ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ కంపెనీ ఆర్మీకి చేసిన జీపు. ఎక్కడ తిరిగిందో, ఏ ఆఫీసరు తోలాడో కథ మొదలుపెట్టాడు, దానికి ఒక్క కాగితం లేదు. సెల్ఫ్ కొట్టగానే ఒక్క దెబ్బకి స్టార్ట్. నాతో వచ్చిన మెకానిక్ అన్న అంతకు ముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి నాకు సైగ చేశాడు, వెచ్చగా ఉంది, అంటే మేం రాకముందే తిప్పి పెట్టారు. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి చూపించమంటే ఇంకోసారి రండి అంటాడు, ఇంకోసారి అంటే ఇంకో టోకెన్.

ఇక జీపు సంగతి. సీజే-2ఏ అంటే అదే విల్లీస్ కంపెనీ మామూలు జనం కోసం చేసిన సివిలియన్ జీపు, దానికి వెనకాల తెరుచుకునే డోరు ఉంటుంది, పెట్రోల్ మూత బాడీ పక్కన బయటికి ఉంటుంది. యుద్ధకాలం ఎంబీకి వెనక డోరు ఉండదు, ట్యాంకు డ్రైవర్ సీటు కింద, పెట్రోల్ పోయాలంటే సీటు ఎత్తాల్సిందే. ఈ బండికి సీటు కింద ట్యాంకు అయితే ఉంది, చూస్తే ఎంబీ అనే అనిపిస్తుంది. మెకానిక్ అన్న జేబులోంచి బట్ట చుట్టిన చిన్న అయస్కాంతం తీసి వెనక ప్యానెల్ మీద పెట్టాడు, అంటుకుంది, కొంచెం పక్కకి జరిపితే జారి కింద పడింది, ఇంకోవైపు కూడా అదే వరసలో జారింది, అంటే డోరు ఉన్న చోట రేకు అతికించి పైన పుట్టీ దట్టంగా కొట్టారు. డ్రైవర్ పక్కన బాడీ మీద కూడా గుండ్రంగా ఒక చోట అంటుకోలేదు, అది పెట్రోల్ మూత ఉన్న బొక్క, అంటే ఇది ఎంబీ కాదు, సీజే. లోపలి నుంచి టార్చ్ వేస్తే వెల్డింగ్ కుట్టు అలాగే ఉంది, దాన్ని రుద్దను కూడా రుద్దలేదు మహానుభావులు.

ముందు గ్రిల్లుకి తొమ్మిది గాళ్లు (నిలువు సందులు) ఉన్నాయి కదా అని మురిసిపోకండి. యుద్ధకాలం జీపుకి తొమ్మిది, తర్వాత వచ్చిన సివిలియన్ వాటికి ఏడు అనే మాట నిజమే, కానీ కొత్త గ్రిల్లు కొని తగిలించడం ఎంతసేపు? డాష్‌బోర్డు మీద బండి వివరాలుండే డేటా ప్లేట్లు కూడా అంతే, కొత్తవి చేసి అమ్ముతారు. అసలు ఎంబీ హెడ్‌లైట్లలో ఒక తమాషా ఉంది, బానెట్ ఎత్తి రెక్కల నట్టు వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజన్ మీద వెలుగు పడుతుంది, రాత్రిపూట రిపేర్ చేసుకోవడానికి. ఇక్కడ అది తిప్పి చూపించండి అంటే "అది జామ్ అయింది సార్". జామ్ కాదు, వెల్డ్ చేసేశారు.

ఛాసిస్ కిందకి కూడా దూరి చూడండి, బట్టలు పాడైనా పర్లేదు. రేడియేటర్ కింద ముందుండే అడ్డబార్ విల్లీస్ వాటికి గుండ్రటి గొట్టం, అదే జీపుని ఫోర్డ్ జీపీడబ్ల్యూ పేరుతో తయారుచేసింది, వాటికి బోర్లించిన యూ ఆకారంలో పట్టీ ఉంటుంది. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టేవాళ్లు. విల్లీస్ నంబరు ఎడమ ఛాసిస్ పట్టీ లోపలివైపు, ముందు బంపర్ వెనకాల, చిన్న ప్లేటు మీద ఉంటుంది, ఫోర్డ్‌కి ఛాసిస్ మీదే గుద్ది ఉంటుంది. ఈ బండికి ప్లేటు ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలు, మీద మందంగా కొత్త పెయింటు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. రెండు కంపెనీల పార్టులు కలిసిపోయిన జీపు కనిపిస్తే వెంటనే మోసం అనుకోకండి. 1941 నుంచి 45 వరకు ఇద్దరూ కలిపి 6 లక్షలకు పైగా తయారుచేశారు, ఆర్మీ వర్క్‌షాపుల్లోనే ఒకదాని ఇంజన్ ఇంకోదానికి ఎక్కించేవాళ్లు. సీజే కూడా చెడ్డ బండేమీ కాదు, నాకైతే తోలడానికి అదే ఇష్టం. సీజేని సీజే అని అమ్మితే గొడవే లేదు, దాన్ని యుద్ధవీరుణ్ణి చేసి ఎంబీ రేటు చెప్పడమే దొంగతనం.

ఇంకా కొనకపోయినా, ఊరికే చూడ్డానికి వెళ్లేవాళ్లకి కూడా ఆ షెడ్డు ప్రమాదమే. డాడ్జ్ చక్రం రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో కలిపి ఉంటుంది, టైర్లో గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము పేలినట్టు ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. గాలి మొత్తం తీయకుండా అక్కడ పనిచేసే కుర్రాడు ఆ నట్లకి పానా పెట్టాడు, మెకానిక్ అన్న అరిచి ఆపాడు. ఇంకోపక్క పాత బ్రేకు డ్రమ్ములు విప్పి ఎయిర్ గన్‌తో దుమ్ము ఊదుతున్నారు, ఆ కాలం బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి విషం. బల్ల మీద విప్పిన మీటర్లు పిల్లలు ఆడుకునే ఎత్తులో ఉన్నాయి. చీకట్లో మెరవడానికి అప్పట్లో చాలా మీటర్లకి రేడియం పెయింట్ వేసేవాళ్లు, మెరుపు ఎప్పుడో పోతుంది కానీ రేడియేషన్ పోదు, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు. వాటిని గోకకండి, విప్పకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

ఫెరెట్‌లో రైడ్ అని విడిగా డబ్బులు అడుగుతాడు, ఎక్కొద్దు. సుమారు 4 టన్నుల బండి, రోల్స్‌రాయిస్ ఇంజన్, ముందుకి ఐదు గేర్లు వెనక్కి కూడా ఐదు. దాని గేర్‌బాక్స్ మామూలుది కాదు, ముందు లీవర్‌తో గేరు ఎంచుకుని తర్వాత పెడల్ పూర్తిగా తొక్కాలి, సగం తొక్కితే పెడల్ కాలిని ఎదురు తన్నుతుంది. తోలే కుర్రాడు చెప్పులతో ఉన్నాడు, పైన కూర్చోబెట్టేది మనల్ని.

కాగితాల విషయంలో "కలెక్షన్ బండికి కాగితాలు అక్కర్లేదు" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లోంచి పాంథర్ ట్యాంకుని అధికారులు సైన్యాన్ని పెట్టి బయటికి లాగించారు, తర్వాత కోర్టు భారీ జరిమానా కూడా వేసింది. జీపు ట్యాంకు కాదులే అనుకోవచ్చు, కానీ తుపాకీ మౌంట్లు, ఆర్మర్ ఉన్న బండ్లకి చాలా దేశాల్లో రూల్స్ ఉంటాయి, ఆయుధం పనిచేయకుండా చేసినట్టు సర్టిఫికెట్ చూపించమనండి. లోపల ఏమున్నాయో కూడా చూడాలి. 2017లో బ్రిటన్‌లో ఒకాయన కొన్న పాత ట్యాంకులో ముందు బుల్లెట్లు దొరికాయి, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని డీజిల్ ట్యాంకు తెరిస్తే బంగారు కడ్డీలు బయటపడ్డాయి. మీకు బంగారం దొరకాలని కోరుకుంటా, దొరికేది మాత్రం ఎక్కువగా బుల్లెట్లే.

టోకెన్ డబ్బులు వాపస్ అడిగితే ఏమన్నాడో తెలుసా, "మీరు బండికి అయస్కాంతం పెట్టి గీతలు పడేశారు, దానికి సరిపోయింది సార్" అన్నాడు. బట్ట చుట్టిన అయస్కాంతం! మెసేజ్ చూపిస్తే అది మా పాత మేనేజర్ పెట్టిందన్నాడు, అసలు మాతో ఫోన్ మాట్లాడింది ఇలా అంటున్న ఈ మనిషే. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.

అదే జీపు మళ్లీ కొత్త ఫొటోలతో యాడ్‌లోకి వచ్చింది, ఈసారి 1942 మోడల్ అట. తొమ్మిది గాళ్ల గ్రిల్లు, ఆకుపచ్చ పెయింటు, వెనకాల పెట్రోల్ డబ్బా తగిలించి ఉంటుంది. మీకు ఇలాంటిదే వస్తే డబ్బులు పంపకముందు మూడు ఫొటోలు అడగండి, ముందు అడ్డబార్, ఎడమ ఛాసిస్ నంబరు, వెనక ప్యానెల్ లోపలి వైపు. నేను వేరే నంబర్ నుంచి అడిగి చూశా, రెండు టిక్కులు నీలం అయ్యాయి, ఆ తర్వాత బ్లాక్ చేశాడు.