ద్వారకానగర్‌లో కొన్న రసాయన ప్రయోగాల పెట్టె: సామగ్రి మేలైనది, పుస్తకం తడబడుతుంది

ప్రయోగశాల సామగ్రి అమ్మే విశాఖపట్నం ద్వారకానగర్ దుకాణం ఒకదానిలో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం ఈ పెట్టెను కొన్నాను. రసాయన చర్య జరిగిందని ఏ గుర్తులను బట్టి పోల్చుకోవచ్చో చూపడం దీని ఉద్దేశం. రంగు మారడం, వాయువు వెలువడడం, అవక్షేపం (ద్రావణంలో కరగకుండా విడిపడే పదార్థం) ఏర్పడడం, వేడి పుట్టడం లేదా తగ్గడం అనే గుర్తులకు కావలసిన పదార్థాలు, పరీక్షనాళికలు, ఉష్ణమాపకం, తెలుగులో ఒక చిన్న పుస్తకం ఇందులో ఉన్నాయి. గాజు సామాను బాగుంది.

అన్నిటిలోకీ మెచ్చదగినది సున్నపుతేట ప్రయోగం. గొట్టంతో మెల్లగా ఊదితే, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ ఏర్పడడం వల్ల తేట పాలలా తెల్లబడుతుంది. పుస్తకం అక్కడితో ఆగక ఇంకా ఊదమంటుంది. ఊదగా ఊదగా ఆ తెలుపు తగ్గి ద్రావణం మళ్లీ తేటపడుతుంది, ఎందుకంటే కార్బొనేట్ కాస్తా నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. ఆ ద్రావణాన్ని వేడిచేస్తే తెలుపు తిరిగి వస్తుంది. అవక్షేపం పుట్టడమే కాదు, అది మాయమవడం కూడా చర్యకు ఆనవాలు కావచ్చునని పిల్లలకు ఇంతకన్నా చక్కగా చూపడం కష్టం. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో ఇనుప మేకు వేసే ప్రయోగం కూడా మంచిదే: మేకుపై ఎర్రటి రాగి పూత, ద్రావణంలో నీలం వెలిసి లేత ఆకుపచ్చ రావడం అనే రెండు గుర్తులు ఒకేచోట కనిపిస్తాయి. అయితే మేకును ముందుగా గరుకు కాగితంతో రుద్దాలన్న మాట పుస్తకంలో లేదు.

నా అసలు అభ్యంతరం చల్లదనం గురించిన పుటపైన. నిమ్మ ఉప్పు, వంటసోడా కలిపి నీరు పోస్తే బుడగలు రావడం, ఉష్ణోగ్రత పడిపోవడం నిజంగా రసాయన చర్య వల్లనే. కానీ పుస్తకం అదే వరుసలో అమ్మోనియం క్లోరైడ్‌ను నీటిలో కరిగించి, నీరు చల్లబడింది కాబట్టి ఇదీ చర్యేనని తేల్చేసింది. ఆ నీటిని ఇగిర్చితే వేసిన లవణమే తిరిగి చేతికి వస్తుంది, కొత్త పదార్థమేదీ పుట్టలేదు. బుడగల సంగతీ అంతే: మరిగే నీటిలోనూ, మూత తీసిన గోలీసోడాలోనూ బుడగలు లేస్తాయి. ఒక్క గుర్తును చూసి తీర్పు చెప్పకూడదనీ, కొత్త పదార్థం ఏర్పడిందా లేదా అన్నదే తేల్చవలసిన విషయమనీ చెప్పే ఒక్క వాక్యం కూడా ఇందులో లేకపోవడం పెద్ద లోపం. నెమ్మదిగా జరిగే చర్యల ఊసు కూడా లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఉప్పుగాలికి తుప్పుపట్టడం రోజూ చూసే పిల్లలకు ఆ ఉదాహరణ ఎంతో ఉపయోగపడేది.

వేడి కోసం ఇచ్చిన పొడిసున్నం నీళ్లు పోసినా వేడెక్కలేదు. పలుచని ప్లాస్టిక్ పొట్లంలో ఉన్న ఆ సున్నం తేమ పీల్చుకుని ముందే తడిసున్నంగా మారిపోయి ఉంటుంది. విశాఖ వంటి సముద్రతీర నగరంలో అమ్మే సరుకును గాలి చొరబడని సీసాలో పెట్టడం తయారీదారు బాధ్యత. దుకాణదారు మాత్రం అడ్డుచెప్పకుండా తాజా సున్నం ఇచ్చారు.

తెల్లని అవక్షేపం కోసం పెట్టిన బేరియం క్లోరైడ్ విషపూరితమైనది, హెచ్చరిక చిన్న అక్షరాలలో ఉంది. ఆ సీసాను పెట్టెలోనుంచి తీసి పెద్దల దగ్గర ఉంచండి. అవక్షేపాన్ని చూడడానికి సున్నపుతేట ఒక్కటీ చాలు. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలున్నవారు, పక్కన కూర్చుని చేయించే తీరిక ఉంటే, దీన్ని కొనవచ్చు.